మా పటమట ఫియట్



1964లో ఈ దేశ ప్రధానమంత్రి అప్పు చేసి కారు కొన్నారు. ఆయన లాల్ బహదూర్ శాస్త్రి గారు. మనకీ ఒక కారుంటే బాగుంటుందని ఇంట్లో పిల్లలు అడిగితే, చేతిలో ఎంతుందో లెక్క చూసుకున్నారు. 7,000 రూపాయలున్నాయి. ఫియట్ కారు ధర 12,000. తక్కువపడిన 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. అది తీరకుండానే 1966 జనవరిలో తాష్కెంటులో కన్నుమూశారు. మిగిలిన బాకీని ఆయన భార్య లలితా శాస్త్రి గారు తన పింఛను డబ్బుల్లోంచి తీర్చారు. ఆ కారు ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది. ఢిల్లీ వెళ్ళినప్పుడు ఎర్రకోటా, కుతుబ్ మీనారూ చూసి వచ్చేస్తుంటాం. ఈసారి వెళితే దాన్ని కూడా చూసి రండి.

ఆ ఫియట్‌కి తోబుట్టువు వరసయ్యే కారొకటి, నాకు పద్దెనిమిదేళ్ళు నిండిన ఏడాది, అంటే 1993లో నా చేతికొచ్చింది. ఇవాళ దాని గురించి చెప్పాలని వచ్చాను. దాని గురించి చెప్పాలంటే విజయవాడ ఆటోనగర్ గురించీ, పటమటలో మా వీధి గురించీ కూడా చెప్పాలి. ఆ రెండూ లేకపోతే ఆ బండి గేటు దాటి బయటికి వచ్చేదే కాదు.

ఇప్పటి పిల్లలకు ఆ కాలం సంగతి కాస్త చెప్పాలి. మారుతి రాకముందు మన దేశంలో కారు అంటే ప్రధానంగా మూడే రకాలు. బెంగాల్లో ఉత్తర్‌పారాలో తయారయ్యే అంబాసిడర్, బొంబాయి కుర్లాలో తయారయ్యే ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్. డబ్బున్నవాళ్ళయినా బుక్ చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిందే. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ గారు మొదటి మారుతి 800 తాళాలను ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ గారి చేతికిచ్చాక ఆ పరిస్థితి మారడం మొదలైంది. ఆ హర్‌పాల్ సింగ్ గారు ఆ కారును అమ్ముకోలేదు, మార్చుకోలేదు. 2010లో పోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నారు. దేశంలో ఎన్ని కొత్త కార్లు వచ్చినా ఆ కారునే అంటిపెట్టుకున్న ఆ మనిషంటే నాకు చాలా గౌరవం. ఇక 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం ప్రకటించాక, అయిదారేళ్ళలో సియలో, ఎస్కార్ట్, శాంత్రో, ఇండికా అన్నీ వరసగా రోడ్డెక్కాయి. సరిగ్గా ఆ ద్వారం తెరుచుకున్న ఏడాదే నాకు పాత ఫియట్ దొరికింది.

అది మా మేనమామది. ఆయన గుడివాడలో డాక్టరు. 1978 మోడల్, మీగడ రంగు. ఊళ్ళలో కేసులు చూడటానికి దాన్ని ఆయన ఎంత తిప్పారో లెక్కలేదు. 1993లో ఆయన మారుతి కొన్నారు. పాతదానికి పదిహేనేళ్ళు నిండటంతో ఆర్సీ రెన్యువల్ చేయించాల్సి వచ్చింది. అమ్మజూపితే కొనడానికి వచ్చినవాళ్ళు చెప్పిన రేటు విని ఆయనకు మనసు కష్టమైంది. మా అమ్మతో, "అక్కా, దీన్ని ఇనుప సామాను కింద ఇవ్వడానికి నాకు చేతులు రావట్లేదు. వాడు తీసుకుపోతే తీసుకుపోనీ" అన్నారు. నా వైపు తిరిగి రెండు షరతులు పెట్టారు. లైసెన్సు చేతికొచ్చేదాకా ఒక్కడివే స్టీరింగు ముట్టుకోకూడదు. రిపేరు ఖర్చులకు నన్ను గానీ మీ నాన్నను గానీ పైసా అడగకూడదు. ఈ రెండో షరతే నన్ను ఆటోనగర్‌కి చేర్చింది. మావయ్య నాకు చేసిన మేలు కారు ఇవ్వడంలో ఎంతుందో, ఆ షరతు పెట్టడంలో అంతకన్నా ఎక్కువే ఉంది.

మా నాన్న హైస్కూలు టీచరు. కారు ఇంటి ముందుకొచ్చాక కూడా ఆయన సైకిలు మీదే బడికి వెళ్ళేవారు. "అది వాడి బండి, వాడు సంపాదించి పెట్రోలు పోసుకుంటే ఎక్కుతాను" అనేవారు. అందుకని సాయంత్రాలు టెన్త్ పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. లీటరుకు పది, పన్నెండు కిలోమీటర్లు ఇచ్చే బండి. ట్యూషన్ డబ్బులు వచ్చిన మొదటి వారం మాత్రమే అది దర్జాగా తిరిగేది. నెలాఖరుకి చెట్టు కింద నిలబడేది. ఆ నిలబడిన రోజుల్లో దాన్ని తుడుస్తూ, తలుపుల బిజాగరీలకు నూనె పెడుతూ, ముందు అద్దాల పక్కన ఉండే మూడుమూలల చిన్న కిటికీలను తెరుస్తూ మూస్తూ గడిపాను. ఆ చిన్న కిటికీ సంగతి ఇప్పటివాళ్ళకు తెలియదు. బండి కదులుతుంటే దాన్ని కాస్త లోపలికి తిప్పి పెడితే గాలి సూటిగా మొహానికి కొట్టేది. ఏసీ లేని కాలంలో ఆ గాలే మాకు మహాభాగ్యం.

ఇక లైసెన్సు. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండితేనే కారుకి లైసెన్సు. ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవాలి, నెల దాటాక బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి ముందు నడిపి చూపించాలి. ఆ నెల రోజులూ నా పక్క సీట్లో కూర్చుని బండి నేర్పించింది ఎవరంటే, ఆటోనగర్లో మా మేస్త్రి గారి దగ్గర పనిచేసే కుర్రాడు. వాడిది నా ఈడే. వాడికి నాకన్నా కొన్ని నెలలు ముందే లైసెన్సు వచ్చింది.

ఆటోనగర్‌ని చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. బెజవాడలో బందరు రోడ్డుకి దగ్గరగా, పటమట పక్కనే ఉంటుంది. లారీలకు బాడీలు కట్టేవాళ్ళు, లేత్ మిషన్ల వాళ్ళు, కమాను కట్టలు సరిచేసేవాళ్ళు, రేడియేటర్లకు మాట్లు వేసేవాళ్ళు, సీట్లు కుట్టేవాళ్ళు, పాత బండ్లు విప్పి సామాను అమ్మేవాళ్ళు, అందరూ అక్కడే. ఒక వీధిలో వెల్డింగ్ మెరుపులు, పక్క వీధిలో రంగు కొట్టే మిషను వాసన. ఎక్కడెక్కడి లారీలో అక్కడ బారులు తీరి ఉంటాయి. దేశంలో ఏ మూల తయారైన బండికైనా, ఏ కాలపు బండికైనా కావలసిన ముక్క అక్కడ దొరికేది. దొరక్కపోతే లేత్ మీద తిప్పి ఇచ్చేవారు. తెలుగునాట చేతిపని గురించి మాట్లాడేటప్పుడు కొండపల్లి బొమ్మల్నీ, మంగళగిరి నేతనీ తలుచుకుంటాం. ఆటోనగర్ని కూడా ఆ వరసలోనే చెప్పుకోవాలని నా గట్టి నమ్మకం. అక్కడి చేతుల్లో ఉన్న విద్య దేనికీ తీసిపోదు.

మా మేస్త్రి గారి షెడ్డు రేకులది. పొద్దున్నే తలుపు తీయగానే పనిముట్లకు దణ్ణం పెట్టి, అగరొత్తి వెలిగించి, టీ తెప్పించేవారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు బానెట్ ఎత్తి చెవి దగ్గరగా పెట్టి విన్నారు. "బాబూ, ఇంజను బాగానే ఉంది. దీన్ని చూసుకునేవాళ్ళు లేక అలిగింది, అంతే" అన్నారు. కూలి ఇచ్చుకునే స్తోమత లేదని చెప్పేశాను. కాసేపు ఆలోచించి, "ఆదివారాలు రా. నువ్వే విప్పు, నువ్వే బిగించు. మావాడు పక్కనుండి చెబుతాడు. సామాను డబ్బులు మాత్రం ఇచ్చుకో" అన్నారు. ఆ మాటకు ఈ రోజుకీ ఆయనకు రుణపడి ఉన్నాను.

అలా నా ఆదివారాలు ఆ షెడ్డులో గడిచాయి. మేస్త్రి గారి శిష్యుడు మొదట్లో నన్ను 'మీరు' అనేవాడు. కారు ఓనరు కదా మరి. నేను కార్బొరేటర్ విప్పి, పాత డబ్బా మూతలో పెట్రోలు పోసి కడిగి, జెట్టులో ఇరుక్కున్న నలుసుని నోటితో ఊది తీసిన రోజున, "అంతేరా, అదీ!" అన్నాడు. ఆ రోజు నుంచి మేమిద్దరం 'ఏరా' అంటే 'ఏరా'. వాడు ఏడో తరగతితో బడి మానేశాడు. నేను బి.ఎస్సీ చదువుతున్నాను. ఫిజిక్సు పుస్తకంలో నేను బట్టీపట్టినవన్నీ వాడి వేళ్ళకు ముందే తెలుసు. స్పార్కు ఎప్పుడు పడాలో, ఒక్క పిసరు ముందు పడితే ఏమవుతుందో, వెనక పడితే ఏమవుతుందో ఇంజను చప్పుడు వినే చెప్పేసేవాడు.

ఆ ఫియట్ ఇంజను 1089 సీసీ, నాలుగు సిలిండర్లు. వాటిలో స్పార్కు పడే వరస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ప్లగ్గు వైర్లు పీకి మళ్ళీ పెట్టేటప్పుడు ఆ వరస తప్పితే బండి దగ్గుతుంది, వెనక నుంచి టపాకాయ పేలినట్టు చప్పుడొస్తుంది. ఎక్కాలు మరిచిపోయినా నేను ఈ నాలుగంకెలూ మరిచిపోను. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే లోపల చిన్న పాయింట్లు రెండు ఉంటాయి. తెరుచుకున్నప్పుడు వాటి మధ్య ఎడం ఎంతుండాలో కొలవడానికి మేస్త్రి గారి దగ్గర ఫీలర్ గేజ్ ఉండేది. దారిలో అయితే విజిటింగ్ కార్డు ముక్కే గేజ్. అది బిగుసుకోకుండా, వదులుగా లేకుండా దూరితే సరిపోయినట్టు. పాయింట్లు నల్లబడితే గరుకు కాగితంతో రుద్దితే చాలు, మళ్ళీ బండి పలికేది.

ఇలాంటి కారులో దాపరికం ఉండదు. బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది. పెట్రోలు ఎటు నుంచి వస్తోంది, గాలి ఎక్కడ కలుస్తోంది, కరెంటు ఎక్కడ పుడుతోంది, నీళ్ళు ఎటు తిరుగుతున్నాయి, అన్నీ చేత్తో తడిమి చూడవచ్చు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఇంతకన్నా మంచి పాఠశాల దొరకదు. నేను తర్వాత నడిపిన కార్లన్నీ దీనికన్నా మెరుగైనవే. బ్రేకులు నమ్మకమైనవి, పొగ తక్కువ, ప్రమాదం జరిగితే ప్రాణం కాపాడే ఏర్పాట్లున్నాయి. ఆ విషయంలో పాతదే గొప్పదని నేను అనను. కానీ వాటిలో దేన్నీ నేను లోపలిదాకా ఎరగను. ఫియట్‌ను ఎరిగినట్టు ఎరగను. అందుకే వాటి మీద ఇష్టమే గానీ ప్రేమ లేదు.

మే నెల ఎండల సంగతి చెప్పాలి. బెజవాడ ఎండలు శ్రోతలకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఎండలో ఫియట్ నడిచి నడిచి ఉన్నట్టుండి ఆగిపోయేది. ట్యాంకులో పెట్రోలుంటుంది, బ్యాటరీ బాగుంటుంది, సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది, కానీ అంటుకోదు. ఇంజను వేడికి పంపులోనూ గొట్టంలోనూ ఉన్న పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు. దాంతో కార్బొరేటర్‌కి చుక్క అందదు. దీనికి మందు ఒక్కటే. తడిగుడ్డ. పంపు మీద తడిగుడ్డ చుట్టి కాసేపు నీడలో కూర్చుంటే ఆవిరి మళ్ళీ పెట్రోలవుతుంది. అందుకని వేసవిలో డిక్కీలో ఒక పాత తువ్వాలూ, నీళ్ళ క్యానూ లేకుండా ఊరు దాటేవాళ్ళం కాదు.

ఒకసారి హైదరాబాదు రోడ్డులో నందిగామ దాటాక మిట్టమధ్యాహ్నం అలాగే ఆగింది. క్యానులో నీళ్ళు అప్పటికే రేడియేటరు తాగేసింది. పక్క పొలంలో మోటారు దగ్గరున్న పెద్దాయన మమ్మల్ని చూసి, అడక్కముందే బిందెడు నీళ్ళు మోసుకొచ్చాడు. "ముందు మీరు తాగండయ్యా, తర్వాత దానికి పోద్దురు" అన్నాడు. మా నానమ్మను చెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. బండి చల్లారేలోపు నానమ్మా ఆయనా చుట్టరికం కలిపేసుకున్నారు. ఆయన మేనత్త ఊరూ, మా నానమ్మ పుట్టిల్లూ ఒకటేనట. ఎక్కడా ఆగకుండా వెళ్ళే బండిలో అయితే ఆ మనిషిని మేము ఎరిగి ఉండేవాళ్ళమే కాదు.

వీధి సంగతికొస్తాను. ఆర్సీ పుస్తకంలో నా పేరుంది గానీ, ఆ బండి మా వీధి మొత్తానిది. అప్పట్లో మా వరసలో కారున్న ఇల్లు మాదొక్కటే. పురుటికి ఆసుపత్రికి వెళ్ళాలన్నా, పచ్చి బాలింతనూ పసిగుడ్డునూ ఇంటికి తీసుకురావాలన్నా కబురు మా ఇంటికే. ఎంసెట్ రోజున నలుగురైదుగురు పిల్లల్ని తలా ఒక సెంటరు దగ్గర దింపి రావడం నా బాధ్యత. పెళ్ళికూతురు అత్తారింటికి బయల్దేరేటప్పుడు బానెట్ మీద బంతిపూల దండలు వేసేవాళ్ళు. ఆ కార్లకు గేరు స్టీరింగు పక్కనే ఉండటం వల్ల ముందు సీటులో మధ్యన కూడా చోటుండేది. ముందు ముగ్గురు, వెనక నలుగురు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. ఇప్పుడు అలా ఎక్కించకూడదు, ఎక్కించడం క్షేమం కూడా కాదు. కానీ అప్పుడు ఎవర్నీ వదిలి వెళ్ళడం మాకు తెలియదు.

ఎవరూ ఊరికే ఎక్కేవారు కాదని కూడా చెప్పాలి. డబ్బులిస్తే మా అమ్మ తీసుకునేది కాదు. అందుకని ఒకరు పెట్రోలు పోయించేవారు, ఒకరు పెరట్లో కాసిన బొప్పాయి పండ్లు పంపించేవారు. దర్జీ ఆయన సీట్లకు కొత్త కవర్లు కుట్టిచ్చాడు. పొద్దున పూట బండి స్టార్టు కాకపోతే, ఎవరూ పిలవకుండానే తలుపులు తెరుచుకునేవి. లుంగీలు పైకి కట్టుకుని నలుగురు వచ్చి తోసేవారు. నేను సెకండ్ గేరులో క్లచ్ వదిలేవాణ్ణి. బండి అంటుకోగానే వాళ్ళ మొహాల్లో కనిపించిన సంతోషం అచ్చం సొంత బండిని చూసుకున్న సంతోషమే.

దసరా రోజుల్లో దాని వైభవం చూడాల్సిందే. మహర్నవమి రోజున ఆయుధపూజ. తెల్లవారుజామునే కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, ఇంద్రకీలాద్రి కిందికి తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ కొత్త లారీలూ, ఆటోలూ, స్కూటర్లూ, మధ్యన మా పాత ఫియటూ. పూజారి గారు కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయ దిష్టి తీయించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టించేవారు. వాటిని తొక్కించి ముందుకు కదిలేటప్పుడు మా మేస్త్రి గారి శిష్యుణ్ణి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. ఆ గౌరవం వాడికే చెందుతుందని నాకు అనిపించేది. ఇప్పటికీ అదే అంటాను.

నాకోసమే నేను బండి నడిపింది ఎక్కువగా తెల్లవారుజామున. ప్రకాశం బ్యారేజీ మీదకి వెళ్ళేవాణ్ణి. 1850లలో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగితే, దాని చోట ఈ బ్యారేజీ కట్టి 1957లో పూర్తిచేశారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 1995లో కనకదుర్గ వారధి వచ్చేదాకా మద్రాసు వెళ్ళే బండ్లన్నీ దీని మీద నుంచే. పగలు అడుగు పెట్టే సందుండేది కాదు. అందుకని వెలుగు రేఖలు రాకముందే వెళ్ళాలి. ఎడమ పక్క గేట్ల కింద నీళ్ళు పోతున్న హోరు, కుడి పక్క నిండు కృష్ణ. గేరు మార్చే పని లేకుండా నెమ్మదిగా సీతానగరం దాకా పోయి, ఉండవల్లి గుహల దగ్గర ఆపి, వేడి వేడి ఇడ్లీ తిని, ఎండ ఎక్కకముందే వెనక్కి వచ్చేసేవాళ్ళం. పక్కన మేస్త్రి గారి శిష్యుడుంటే వాడి చెవి ఇంజను మీద, నా కళ్ళు నది మీద. ఆ వయసులో ఒక కుర్రాడికి దక్కగలిగిన స్వేచ్ఛంతా నాకు ఆ దారిలో దక్కింది. బస్సు టైము చూసుకోకుండా, ఎవర్నీ అడక్కుండా, ఎటు తిప్పితే అటు వెళ్ళగలగడం. దాన్ని మించిన ఆనందం ఆ వయసులో మరొకటి ఉంటుందని నేను అనుకోను.

నా చెల్లెలి కూతురు అమెరికాలో టెక్సాస్‌లో పెరుగుతోంది. అక్కడ పదిహేనేళ్ళకే లెర్నర్ లైసెన్సు ఇస్తారు. పదహారుకి ఒంటరిగా నడపనిస్తారు. అక్కడి ఊళ్ళ తీరు వేరు. బడికీ, అంగడికీ, స్నేహితుల ఇంటికీ దూరాలెక్కువ, బస్సులు తక్కువ. అందుకని మన తెలుగు కుటుంబాలు కూడా పిల్లలకు పదహారు రాగానే ఒక పాత కొరోలానో, సివిక్కో కొనిపెడుతున్నాయి. మా మేనకోడలికి కూడా అలాంటిదే వచ్చింది. ఫోన్లో దాని గురించి చెబుతుంటే ఆ గొంతులో పొంగు విని, నాకు మా పటమట వీధి గుర్తొచ్చింది. "మావయ్యా, టైరు మార్చడం నేర్చుకున్నాను" అని చెప్పింది. ఆ ఒక్క మాటకు ఎంత మురిసిపోయానో చెప్పలేను.

తొలి కారు మీద మమకారం చిన్నవాళ్ళదే అనుకోకండి. సచిన్ తెందూల్కర్ గారికి లేని కార్లు లేవు. అయినా 2020లో ఒక కార్యక్రమంలో మాట్లాడుతూ, తన మొదటి కారు మారుతి 800 ఇప్పుడు తన దగ్గర లేదనీ, అది మళ్ళీ దొరికితే బాగుండుననీ, ఎవరి దగ్గరుందో తెలిస్తే చెప్పమనీ అడిగారు. ఆ మాట విన్నప్పుడు ఆయన మనసు నాకు పూర్తిగా అర్థమైంది.

ఎందుకంటే నా ఫియట్ కూడా నా దగ్గర లేదు. చదువయ్యాక ఉద్యోగం వచ్చి నేను ఊరు వదిలాను. నాన్నకు డ్రైవింగ్ రాదు. బండి ఏళ్ళ తరబడి చెట్టు కింద ఉండిపోయింది. పద్మిని పేరుతో వచ్చిన ఆ ఫియట్ తయారీ కూడా కుర్లాలో ఆగిపోయింది. సామాను దొరకడం కష్టమవుతూ వచ్చింది. అడుగుభాగం తుప్పు పట్టి, ఇక రోడ్డు మీదకి తేవడం క్షేమం కాదని మా మేస్త్రి గారే చెప్పారు. చివరికి ఆటోనగర్లోనే విప్పారు. ఇంజను ఒక పాత ఫియట్‌కి వెళ్ళింది. తలుపులు రెండు మరో బండికి వెళ్ళాయి. వెనక కమాన్లు, స్టీరింగు పెట్టె ఎటెటో వెళ్ళాయి. విప్పింది నా స్నేహితుడే, ఆ శిష్యుడే. అప్పటికి వాడికి సొంత షెడ్డుంది. "ఏ ముక్కా వృథా పోలేదురా, అన్నీ నడుస్తున్నాయి" అని ఫోన్ చేసి చెప్పాడు. బొంబాయిలో నలుపూ పసుపూ రంగుల పద్మిని టాక్సీలు మాత్రం 2023 అక్టోబరు దాకా తిరిగాయి. ఆ నెలాఖరున చివరి బండి కూడా రోడ్డు దిగింది. ఆ వార్త రోజున మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఇప్పుడు శ్రోతలకు రెండు విన్నపాలు.

ఒకటి, పద్దెనిమిది నిండని పిల్లల చేతికి తాళం ఇవ్వకండి. 2019లో చట్టాన్ని సవరించారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు గానీ, బండి యజమానికి గానీ 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు ఉంటాయి. ఏడాదిపాటు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. చట్టం అలా ఉంచండి, ఆ వయసు పిల్లవాడి ప్రాణం ముఖ్యం, రోడ్డు మీద నడిచేవాళ్ళ ప్రాణం ముఖ్యం. నిండాక మాత్రం సంతోషంగా నేర్పించండి. నడపడంతో ఆపకండి. జాకీ ఎత్తి స్టెప్నీ మార్చడం, ఆయిలు చూడటం, కూలెంటు చూడటం, బ్యాటరీ టెర్మినళ్ళు శుభ్రం చేయడం చేతుల మీదుగా చేయించండి. ఆడపిల్లలకూ ఇదే మాట.

రెండోది, మీ ఇంట్లోనో, మీ బంధువుల షెడ్డులోనో పాత ఫియటో, అంబాసిడరో, మొదటి తరం మారుతియో కవరు కింద మగ్గుతూ ఉంటే దాన్ని తూకానికి ఇచ్చేముందు ఒకసారి ఆలోచించండి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. రుసుము పెరిగింది, నిజమే. యాభై ఏళ్ళు దాటినవాటికి వింటేజ్ వాహనాలుగా ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. బండి బాగుచేయదగిన స్థితిలో ఉంటే, ఇంట్లో కాలేజీ చదివే పిల్లవాణ్ణో పిల్లనో వెంటబెట్టుకుని దాన్ని ఆటోనగర్‌కి తీసుకెళ్ళండి. కార్బొరేటర్ విప్పి సర్దగలిగిన మేస్త్రీలు అక్కడ ఇంకా కొందరున్నారు. వాళ్ళకు వయసు మీద పడుతోంది. ఆలస్యం చేయకండి.